డోలు వెంట నడిచిన కంప్యూటర్: ఒక ప్రాజెక్టు డైరీ

నవంబరు 17, 2024, ఆదివారం, హనుమకొండ

హైదరాబాద్‌లోని ఒక క్లబ్బులో శనివారం రాత్రులు డీజేగా చేసే మిత్రుడు ఏప్రిల్‌లో నలభై నిమిషాల సమయం ఇప్పిస్తానని మాట ఇచ్చాడు. ఆ నలభై నిమిషాల్లో మల్లన్న కథలు చెప్పే ఒగ్గు బృందాల డోలు, డప్పు, నపీర అనే ఊదే వాయిద్యం, తాళాలు ఎలక్ట్రానిక్ నృత్య సంగీతంతో కలిసి వినిపించాలి. అది కూడా ముందే రికార్డు చేసి అతికించిన ముక్కలుగా కాదు, కళాకారులు వేదిక మీద నిలబడి వాయిస్తుండగా వినిపించాలి. మా ప్రాజెక్టు ఇంతే. ఏ రోజు ఏం చేశామో, ఏది చెడిందో రాసిపెట్టుకోకపోతే చేసిన తప్పే మళ్లీ చేసే అలవాటు నాకుంది కనుక ఈ డైరీ మొదలుపెడుతున్నాను.

నేను సంగీతం చదువుకున్నవాణ్ణి కాను. ఆరేళ్లపాటు డీజే బండి మీద ఆపరేటరుగా పనిచేసి, ఇప్పుడు నక్కలగుట్టలో ఒక గదిని రికార్డింగుకు అనువుగా మార్చుకుని, పెళ్లి వీడియోలకు, జానపద పాటలకు మిక్సింగ్ చేసి బతుకుతున్నాను. క్లబ్ సంస్కృతి మనకు దూరమైనదని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. డీసీఎం వాహనం మీద మనిషెత్తు స్పీకర్లు పేర్చి, వెనుక జనరేటర్ కట్టుకుని, పెళ్లికొడుకు కారు ముందు రెండు గంటలు నడిచే మన బరాత్‌కు, 1950లలో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో లారీల మీద స్పీకర్లు, జనరేటర్లు తిప్పుతూ వీధుల్లో జనాన్ని ఆడించిన సౌండ్ సిస్టంలకు తేడా చాలా తక్కువ. గోడలు, టికెట్టు, ఏసీ లేవన్న మాటే గాని క్లబ్బు మన వీధిలోకి ఎప్పుడో వచ్చింది.

అయితే ఆ బండి మీద వినిపించే తీన్మార్‌లో డప్పు ఉండదు. ఎప్పుడో ఎవరో కొట్టిన ఒక్క దెబ్బను ప్యాడ్‌లోకి ఎక్కించి, దానినే వేలసార్లు మోగిస్తారు. ప్రతి దెబ్బా ఒకే బలంతో, ఒకే గొంతుతో పడుతుంది. ఆ ప్యాడ్ వచ్చాక పెళ్లిళ్లకు డోలు, డప్పు బృందాలను పిలవడం తగ్గిందన్నది నేను కళ్లారా చూసిన సంగతి; ఆ బండి మీద కూర్చున్నవారిలో నేనూ ఒకణ్ణి. ప్రస్తుతానికి నా ప్రణాళిక ప్రకారం వేగం నిమిషానికి 124 దెబ్బలు, అంటే క్లబ్బుల్లో వాయించే హౌస్ అనే నృత్య సంగీతానికి అలవాటైన 120–128 మధ్యలో ఒక అంకె. తాళం కంప్యూటర్ వేస్తుంది, కళాకారులు దానితో కలిసి వాయిస్తారు.

డిసెంబరు 1, ఆదివారం, ఐనవోలు దగ్గర

ఐనవోలు మల్లన్న గుడికి కొద్ది దూరంలో ఉన్న ఒక ఊరికి వెళ్లి ఒగ్గు బృందం పెద్దాయనను కలిశాను. వయసు అరవై దాటింది. పదేళ్లప్పటి నుంచి డోలు మోస్తున్నాడు. 2017లో కన్నుమూసిన ప్రముఖ ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్య కథ చెబుతుంటే రాత్రంతా కూర్చుని విన్న తరం ఆయనది. మనవడు హనుమకొండలో డిగ్రీ చదువుతూ తాళం వేస్తాడు. అదే ఊరిలో డప్పు వాయించే అన్న కూడా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

మొదట తేలిన విషయం కాలం గురించి. సంక్రాంతికి ఐనవోలు జాతర మొదలవుతుంది, ఆ వెంటనే కొమురవెల్లి. ఉగాది దాకా ఈ బృందానికి ఒక్క ఆదివారం ఖాళీ ఉండదు. కాబట్టి రికార్డింగు ఈ నెలలోనే ముగించాలి, లేదా ఏప్రిల్ దాకా ఆగాలి.

తర్వాత నేను ఫోనులో ఒక హౌస్ ట్రాకు వినిపించాను. పెద్దాయన కళ్లు మూసుకుని మూడు నిమిషాలు ఓపికగా విని, "సప్పుడు మంచిగనే ఉన్నది బిడ్డా, గని గిండ్ల కథేది?" అని అడిగాడు. కథ లేదు పెద్దయ్యా, జనం ఆడుతారంతే అన్నాను. "ఉత్తగనే ఎగురుతరా?" అన్నాడు. ఆ ప్రశ్నలో వెటకారం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. ఒగ్గు కథలో డోలు తనంతట తాను మోగదు. కథకుడు ఒక ఘట్టాన్ని ఎత్తుకుంటే దానిని మోస్తూ, వేడెక్కిస్తూ, అవసరమైన చోట ఒక్కసారిగా ఆగిపోతూ నడుస్తుంది. ఒగ్గు అన్న పేరే శివుని డమరుకం నుంచి వచ్చింది గాని, బృందానికి ఊపిరి మాత్రం కథే. నా దగ్గర కథ లేదు. ఈ ప్రశ్నను పక్కన పెట్టి తిరిగి వచ్చాను గాని, అది నన్ను వదల్లేదు.

ఇంకొక షరతు ఆయన స్పష్టంగా చెప్పాడు. మల్లన్నకు, గొల్ల కేతమ్మకు, బలిజ మేడలమ్మకు రంగుల పొడులతో పట్నం అనే ముగ్గు వేసి, బండారి (పసుపు) చల్లి, పెండ్లి జరిపించేటప్పుడు వాయించే దరువులు క్లబ్బుకు రావు. ఊరేగింపులో, ఆటలో వాయించేవి ఎన్నయినా వస్తాయి. ఏది ఎటు చెందుతుందో నాకు తెలియదు కనుక, ఆయన ఒక్కొక్క దరువునూ అరచేతితో మోకాలి మీద కొట్టి చూపిస్తుంటే మనవడు నోటుబుక్కులో రెండు వరుసలుగా రాశాడు. పదకొండు దరువుల్లో నాలుగు మనకు కావు. రికార్డు కూడా చేయకూడదు.

డబ్బు, హక్కుల మాట నేనే ఎత్తాను. 1992లో డీప్ ఫారెస్ట్ అనే ఇద్దరు ఫ్రెంచ్ సంగీతకారుల బృందం చేసిన ఒక నృత్య గీతం లోకమంతటా లక్షల ప్రతులు అమ్ముడైందని, అందులో వినిపించే గొంతు సాలొమన్ దీవుల్లోని ఒక స్త్రీ పాడిన జోలపాటదని, దానిని 1970లో ఒక పరిశోధకుడు రికార్డు చేశాడని, నృత్య గీతంలో వాడుకోవడానికి తాను అనుమతి ఇవ్వలేదని ఆ పరిశోధకుడే తర్వాత రాశాడని చెప్పాను. పెద్దాయన అంతా విని, "ఆ తల్లి పేరేంది?" అని అడిగాడు. అఫునక్వా అని చెప్పాను. "అఫునక్క" అని రెండుసార్లు పలికి, అక్కగానే ఖాయం చేసుకున్నాడు.

మా కాగితం తెలుగులోనే రాశాం. రికార్డింగు రోజుకు ఒక్కొక్కరికి 3,000 రూపాయలు, క్లబ్ రాత్రికి 8,000, ఆ తర్వాత వచ్చే ఆదాయంలో నపీర కళాకారుడితో కలిపి వాయించే నలుగురికీ, నాకూ, మిత్రుడికీ ఆరు సమాన వాటాలు. 1957 నాటి కాపీరైటు చట్టం 38వ సెక్షన్ ప్రదర్శకులకు తమ ప్రదర్శన మీద 50 ఏళ్ల హక్కు ఇస్తుంది కనుక, ఆ హక్కు వారి దగ్గరే ఉంటుందన్న వాక్యం కూడా చేర్చాం. ఒక వాటా మాత్రం డప్పు అన్న పట్టుబట్టి మార్పించాడు. తన వాటా తన భార్య పేర బ్యాంకులో పడాలన్నాడు.

డిసెంబరు 15, ఆదివారం, అదే ఊరు

ఈ రోజు చాలా చెడింది, కొంచెం పనికొచ్చింది.

గదిలో రికార్డు చేస్తే డోలు గోడలను తన్ని తిరిగి వస్తుందని, కోత ముగిసిన పొలం గట్టు మీద ఏర్పాటు చేశాను. డోలుకు కర్ర తగిలే వైపు ఒక డైనమిక్ మైకు, చెయ్యి పడే వైపు ఇంకొకటి, రెండు మీటర్ల దూరంలో ఒక జత కండెన్సర్ మైకులు. దూరపు మైకులకు శబ్దం దాదాపు 6 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది కనుక ఆ తేడాను తర్వాత సరిచేసుకోవాలి. సరిచేయకపోతే డోలు గర్జన బలహీనపడి డబ్బా శబ్దంలా వినిపిస్తుంది.

ఉదయం ఏడు గంటలకు మంచు ఇంకా విడవలేదు. డప్పు తోలు వదులై, కొడితే తడి అట్టపెట్టెను తట్టినట్టు మోగింది. డప్పు అన్న ఎండుగడ్డి మంట వేసి, డప్పును నిప్పుకు అడ్డంగా పట్టుకుని నెమ్మదిగా తిప్పుతూ, మధ్యమధ్యలో వేలి గోటితో తట్టి వింటూ ఐదు నిమిషాలు కాచాడు. ఆ ఐదు నిమిషాల్లో శబ్దం మెట్టు మెట్టుగా పైకి లేవడం నేను చెవితో పట్టుకోగలిగాను. పావుగంట వాయించాక మళ్లీ దిగుతుంది, మళ్లీ మంట. డప్పు కొట్టే సిర్ర, సిటికెన పుల్ల రెండూ చేతిలోనే ఉంచుకుని మంట దగ్గరకు నడిచేవాడు.

చెడింది ఇక్కడ. పెద్దాయనకు హెడ్‌ఫోన్లు పెట్టి నిమిషానికి 124 చొప్పున టిక్కుటిక్కుమనే తాళం వినిపించాను. ముప్పై సెకన్లలో దరువు తెగిపోయింది. మళ్లీ మొదలుపెట్టాం, మళ్లీ తెగింది. మూడోసారి ఆయన హెడ్‌ఫోన్లు తీసి గట్టు మీద పెట్టి, "ఎవడు బిడ్డా వీడు? నేను ఆగితే ఆగడు, ఉరికితే ఉరకడు. వీనితోటి ఎట్ల వాయించాలె?" అన్నాడు. మనవడు నవ్వాడు, నేను నవ్వలేకపోయాను, ఎందుకంటే నా మొత్తం ప్రణాళిక ఆ టిక్కు మీద నిలబడి ఉంది.

హెడ్‌ఫోన్లు లేకుండా వాయించమన్నాను. ఏడు నిమిషాలు ఏకబిగిన వాయించారు. ఆ ఏడు నిమిషాలే ఈ రోజు దక్కిన సొత్తు.

డిసెంబరు 22, ఆదివారం, నక్కలగుట్ట గది

వారమంతా ఆ ఏడు నిమిషాల మీదే కూర్చున్నాను. దెబ్బ దెబ్బకూ గుర్తు పెట్టి వేగాన్ని లెక్కిస్తే, మొదట్లో నిమిషానికి 108 ఉన్నది చివరికి 132కు చేరింది. అది చేయి జారిన వేగం కాదు. నాలుగు చోట్ల మెట్లుగా పెరిగింది, ప్రతి మెట్టుకూ ముందు తాళాలు గట్టిగా మోగి సంకేతం ఇచ్చాయి. దీనిని బలవంతంగా 124కు సాగదీసి చూశాను. అన్నీ సమంగా వచ్చాయి, వినబుద్ధి కాలేదు.

రెండో చిక్కు నడకలో ఉంది. క్లబ్ సంగీతంలో ఒక్కొక్క దెబ్బను నాలుగు భాగాలు చేసి పైన హైహ్యాట్ అనే సన్నని తాళాల శబ్దం పరుస్తారు. డోలు నడక మూడు భాగాలది, శాస్త్రీయ సంగీతంలో తిశ్ర గతి అంటారే, దానికి దగ్గరగా ఉంటుంది. నాలుగింటిని మూడింటి మీద వేస్తే రెండు సైకిళ్ల హ్యాండిళ్లు తట్టుకున్నట్టు ఉంటుంది. నేను హైహ్యాట్‌లన్నీ తీసేశాను. తీసేశాక తేలిన విశేషం ఏమిటంటే, కిక్ అనే పెద్ద డ్రమ్ము దెబ్బలు నాలుగు మాత్రం డోలుకు అడ్డం రావు: పన్నెండు చిన్న భాగాల ఆవర్తనంలో మూడింటికొకటి చొప్పున నాలుగు కిక్‌లు చక్కగా కూర్చుంటాయి. నేల ఒకటే, పైన నడక వేరు.

ఆ మూడు భాగాలు కూడా సమానం కావు. వేగం 120 ఉన్న చోట ఒక్కో భాగం 167 మిల్లీసెకన్లు ఉండాలి. పెద్దాయన రెండో దెబ్బ 145, 150 మధ్యనే పడిపోతుంది, మూడోది తన సమయానికి వస్తుంది. ఆ తొందరే ఆ దరువుకు ఊపు. యంత్రం దిద్దడానికి ఒక్క బటన్ చాలు, దిద్దిన మరుక్షణం అది ప్యాడ్ అయిపోతుంది.

కిక్ శ్రుతి గురించి: డోలుకు చెయ్యి పడే వైపు మూల స్వరం దాదాపు 80 హెర్ట్జ్ దగ్గర తేలింది. నా కిక్ కూడా అక్కడే గుద్దుతోంది కనుక రెండూ ఒకదానినొకటి మింగేస్తున్నాయి. కిక్‌ను 52కు దించాను. ఆపై ఇంకొక అలవాటు తిరగేశాను. క్లబ్ మిక్సింగులో సైడ్‌చెయిన్ పెట్టి కిక్ పడినప్పుడల్లా మిగతా శబ్దాలన్నీ క్షణం తల వంచేటట్టు చేస్తారు. ఇక్కడ డోలు పెద్ద దెబ్బ పడినప్పుడు కిక్ తల వంచేటట్టు పెట్టాను. మిత్రుడికి పంపితే, క్లబ్బులో కిక్ బలం తగ్గితే జనం ఆగిపోతారని వాదించాడు. అతని మాటలో నిజం ఉంది. సగానికి సగం తగ్గించడం మాని, నాలుగు డెసిబెల్స్‌కు రాజీపడ్డాం.

పాత పనులు కూడా కొన్ని విన్నాను. 1982లో బొంబాయి వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ రోలండ్ సంస్థ టీఆర్-808 డ్రమ్ము యంత్రం, టీబీ-303 బాస్ యంత్రాలతో రాగాలను డిస్కో తాళం మీద వాయించి ఒక రికార్డు చేశాడు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు, 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచం ఆశ్చర్యపోయింది. అందులో తాళం కదలదు, రాగం దాని మీద జారుతుంది. రాగానికి అది కుదిరింది. డోలుకు కుదరదు, ఎందుకంటే ఇక్కడ కదిలేదే తాళం.

జనవరి 5, 2025, ఆదివారం

చప్పట్ల పని. టీఆర్-808లో చప్పట్ల శబ్దం నిజమైన రికార్డింగు కాదు. వైట్ నాయిస్ అనే బుసలాంటి రొదను కొద్ది మిల్లీసెకన్ల తేడాతో వరుసగా తెరిచి మూసి, చివర కొంచెం తోక వదిలి, చాలామంది చేతులు ఒకేసారి కలవలేదన్న భ్రమ కలిగిస్తారు. 1980 నుంచి లోకమంతా ఆ భ్రమకే ఆడుతోంది. మా వీధిలో నిజమైన చేతులుండగా అదెందుకని, చిట్టీ డబ్బులు కట్టడానికి మా ఇంటికి వచ్చిన తొమ్మిదిమంది ఆడవాళ్లను బతుకమ్మ ఆడినట్టు వలయంగా తిరుగుతూ చప్పట్లు కొట్టమని అడిగాను. "బతుకమ్మ పోయి మూడు నెల్లాయె, ఇప్పుడేం సప్పట్లు" అని మా చిన్నమ్మ అన్నది గాని, వంగి చప్పట్లు కొట్టి లేచే ఆ కదలిక మొదలైతే ఎవరూ ఆపలేదు. వంగినప్పుడు చప్పుడు నేల వైపు పోయి మెత్తబడుతుంది, లేచినప్పుడు పదునెక్కుతుంది. ఒక మైకును వలయం నడుమ నేల మీద, ఇంకొకటి తలల ఎత్తున పెట్టడం మంచిదైంది. గాజుల చప్పుడు వడపోయకుండా అలాగే ఉంచాను, హైహ్యాట్ లేని లోటు అదే తీర్చింది.

జనవరి 14, మంగళవారం, సంక్రాంతి

ఐనవోలు జాతరకు వెళ్లాను. రికార్డరు ఇంట్లోనే వదిలిపెట్టాను.

గుడి చుట్టూ ఎటు చూసినా డోళ్లే. మా పెద్దాయన పసుపుతో మునిగిపోయి ఉన్నాడు, నన్ను గుర్తుపట్టలేదు, లేదా గుర్తుపట్టే స్థితిలో లేడు. ఒకచోట రెండు బృందాలు ఎదురుపడ్డాయి. రెండూ తమ తమ వేగాలతో వచ్చి, నిమిషంలోపే ఒక్క వేగంలోకి కలిసిపోయాయి. ఎవరు ఎవరికి లొంగారో పట్టుకోలేకపోయాను. రెండు పాటల వేగాలు కలపడానికి డీజేలు చేతివేళ్లతో చేసే పని అదే కదా అని అక్కడే నిలబడి చాలాసేపు చూశాను.

మార్చి 9, ఆదివారం

రెండు నెలలు పెళ్లి పనుల్లో పోయాయి. మధ్యలో దొరికిన రాత్రుల్లో ఒకే సమస్య: కంప్యూటర్ డోలును ఎలా అనుసరించాలి? సంగీతం కూర్చే సాఫ్ట్‌వేర్ ఏబుల్టన్ లైవ్‌లో 11వ వెర్షన్ నుంచి, బయటి నుంచి వచ్చే శబ్దాన్ని విని దాని వేగాన్ని తానే పట్టుకునే సదుపాయం ఉంది. డోలుకు అదురును పట్టుకునే ఒక పీజో మైకు అంటించి రికార్డింగుతో పరీక్షించాను. చదునైన దరువుకు బాగానే నడిచింది. తిశ్రం గట్టిపడగానే మూడింటిని రెండుగా లెక్కపెట్టి 120 నుంచి 180కి ఎగిరిపోయింది. క్లబ్బులో అలా జరిగితే పరువు పోతుంది.

మనవడి ఫోనులో పెద్దాయనతో మాట్లాడుతూ ఈ గోడు చెప్పుకున్నాను. "చెయ్యి ఎటువడితె అటు వోతది బిడ్డా, కాలు సూడు" అన్నాడు. ఫోను పెట్టేసి డిసెంబరు నాటి వీడియో మళ్లీ తెరిచాను. డోలు వాయించేవాడు నిలబడి వాయించడు, ఆడుతూ వాయిస్తాడు. చేతులు ఎన్ని వంకలు తిరిగినా గజ్జె కట్టిన కుడికాలు మాత్రం నాలుగు దెబ్బల లెక్కనే నేలను తాకుతోంది. నేను మూడు నెలలుగా శబ్దంలో వెతుకుతున్న కిక్ అక్కడ, ఆయన పాదం కింద ఉంది. ఏడు నిమిషాల వీడియోలో ఒక్క అడుగు కూడా తప్పలేదు.

పరిష్కారం చాలా చవకగా తేలింది. కీబోర్డుకు వాడే సస్టెయిన్ పెడల్ ఒకటి తెచ్చి, వేగాన్ని తట్టి చెప్పే ట్యాప్ టెంపోకు కలిపాను. ఆయన కాలు చూస్తూ నేను నా కాలితో తొక్కుతాను, కంప్యూటర్ నా కాలిని అనుసరిస్తుంది. గజ్జెకే మైకు పెట్టి నన్ను తప్పించవచ్చు కదా అని మిత్రుడు అడిగాడు. పెట్టి చూశాం; ఆయన ఊరికే రెండడుగులు పక్కకు జరిగినా పాట పరుగెత్తింది. నడకకూ ఆటకూ తేడా తెలియడానికి ప్రస్తుతానికి ఒక మనిషి కావాలి.

ఏప్రిల్ 6, ఆదివారం, కాజీపేట

ఉగాది దాటింది, బృందం ఖాళీ అయింది. ఒక ఫంక్షన్ హాలు సాయంత్రం పూట అద్దెకు తీసుకుని మొదటిసారి అందరం కలిసి పూర్తి నిడివి సాధన చేశాం. రాత్రి పదింటికి స్పీకర్లు ఆపాల్సిందే కనుక చేతిలో ఉన్నది మూడు గంటలు. ఈ మూడు గంటల్లో "కథేది" అన్న ప్రశ్నకు జవాబు దొరికింది, అది కూడా అడిగినవాడి దగ్గరే దొరికింది.

నేను తయారుచేసిన నలభై నిమిషాల నిర్మాణం క్లబ్ పద్ధతిలో ఉంది: మెల్లగా పేర్చడం, ఒక్కసారి ఖాళీ చేయడం, గుద్దడం, మళ్లీ పేర్చడం. పెద్దాయన రెండుసార్లు విని, దానిని పూర్తిగా పక్కకు నెట్టకుండా, దాని మీద ఒక ఘట్టాన్ని పరిచాడు. గొర్రెల మంద నిదానంగా మేస్తుంది, చీకటి పడేవేళ చెదిరిపోతుంది, కాపరి అడవంతా కేకలేస్తూ తిరుగుతాడు, తెల్లవారేసరికి మంద కూడుతుంది. మాటలు మొత్తం కలిపి రెండు నిమిషాలకు మించవు, మిగిలినదంతా వాయిద్యమే. కాని ఎక్కడ వేగం పెరగాలో, ఎక్కడ నపీర ఒంటరిగా మిగలాలో, ఎక్కడ అందరూ ఆగిపోవాలో ఇప్పుడు నలుగురికీ ఒకరినొకరు చూసుకోకుండానే తెలుసు. నా నిర్మాణంలో ఖాళీ చేసే చోటు, ఆయన కథలో మంద చెదిరే చోటు సరిగ్గా ఒకటే కావడం మాత్రం నేను అనుకోలేదు.

డప్పు సమస్య అలాగే ఉంది. క్లబ్బులో మంట వేయనివ్వరు, పొగ తగిలితే అలారం మోగుతుంది. నిలువు హాలోజన్ హీటరు ఒకటి తెచ్చి ప్రయత్నించాం. డప్పు అన్న మొదట నమ్మలేదు. గడ్డిమంట అంతటా ఒకేలా తాకుతుందని, ఇది ఒక్కచోటే కాలుస్తుందని అన్నాడు, అది నిజమే. జానెడు దూరం నుంచి ఇంకొంచెం వేగంగా తిప్పుతూ ఎనిమిది నిమిషాలు కాస్తే సరిపోయింది. ప్రతి పన్నెండు నిమిషాలకూ డప్పు విరామం ఉండేలా కూర్పు మార్చాను.

ఏప్రిల్ 19, శనివారం రాత్రి, హైదరాబాద్

ఇప్పుడు తెల్లవారుజామున మూడున్నర, తిరుగు ప్రయాణంలో భువనగిరి దగ్గర టీ కొట్టు ముందు బండి ఆపి రాస్తున్నాను.

సాయంత్రం సౌండ్ పరీక్షలోనే ప్రమాదం ఎదురైంది. ఆ వేదిక కింద సబ్‌వూఫర్లు (మంద్ర శబ్దాల స్పీకర్లు) అమర్చి ఉన్నాయి. కిక్ తెరవగానే డోలు ఎవరూ ముట్టకుండానే హుమ్మని మోగడం మొదలుపెట్టింది. ఆ మోత మైకులోకి పోయి, స్పీకర్లోంచి వచ్చి, మళ్లీ తోలును కదిపి, నాలుగు సెకన్లలో హాలంతా ఒకటే గర్జన. పెద్దాయన డోలు మీద అరచెయ్యి ఆనించి ఆపి, "గిది మల్లన్న మహిమ గాదు, నీ డబ్బల మహిమ" అన్నాడు. క్లబ్బు సౌండ్ చూసే కుర్రాడు డోలు మైకులు పూర్తిగా తగ్గించి రికార్డింగు వేసుకోమని సలహా ఇచ్చాడు. అలా చేసే పనైతే ఆరు నెలలు ఎందుకు తిరిగినట్టు? 80 హెర్ట్జ్ దగ్గర సన్నగా ఒక కోత పెట్టి, బృందాన్ని వేదిక మీంచి దింపి, జనం నిలబడే నేల మీదే ఒక మూల నిలబెట్టాం. దానివల్ల ఇంకొక మేలు జరిగింది, దాని గురించి కింద.

మొదటి పది నిమిషాలు బాగా రాలేదు. 108 వేగం ఆ జనానికి చాలా నిదానం. అందరూ ఫోన్లు ఎత్తి వీడియోలు తీశారు, ఒక్కరూ కదల్లేదు. మంద మేసే ఘట్టం మా ఊరి అరుగు మీద బాగుంటుంది గాని, పదకొండున్నర రాత్రి ఆ హాలులో అంత సేపు కుదరదు. వచ్చేసారి నాలుగు నిమిషాలు చాలు.

చెదిరే ఘట్టంలో కిక్ ఆగి, నపీర ఒక్కటే మిగిలి, వెనుక ఆడవాళ్ల చప్పట్లు గాజులతో సహా వినిపించినప్పుడు ఎవరో ముగ్గురు అమ్మాయిలు ఆ చప్పట్లతో కలిశారు, వాళ్లను చూసి ఇంకొందరు. పెద్దాయన నేల మీదే ఉన్నాడు కనుక ఆయన నెమ్మదిగా నడుస్తూ వాళ్ల మధ్యలోకి వెళ్లిపోయాడు. నాకు ఆయన కాలు కనిపించడం మానేసింది. నలభై సెకన్లు నేను చప్పట్లు, ఊగే తలలు, డోలు శబ్దం ఆధారంగా అంచనాతో తొక్కాను. కిక్ రెండుసార్లు తప్పిందని నాకు తెలుసు, అక్కడ ఎవరికీ తెలియలేదు, తెలిసిన ఒక్కడూ తల తిప్పి నా వైపు చూసి డోలు మీద మూడు గట్టి దెబ్బలు వేసి దారిలో పెట్టాడు. అక్కడి నుంచి చివరిదాకా 126, 130, 133. మా తర్వాత ఎక్కాల్సిన డీజే నా దగ్గరికి వంగి వేగం ఎంతని అడిగితే, తెర మీద అంకె నిలకడగా లేదు, వేళ్లతో సుమారుగా చూపించాను. అతను ఒక నిమిషం చూసి, తన పాటను డోలు చివరి దెబ్బ పడ్డాక నిశ్శబ్దంలోంచి మొదలుపెట్టాడు. తెలివైనవాడు.

ఏప్రిల్ 27, ఆదివారం, ఐనవోలు దగ్గర

లెక్కలు చూసుకున్నాం. క్లబ్బు ఇచ్చిన దాంట్లో నలుగురికీ ఒప్పుకున్న 32,000 రూపాయలు పోగా, ప్రయాణానికి, భోజనాలకు, హీటరుకు సరిపోయింది. నాకూ మిత్రుడికీ మిగిలింది ఏమీ లేదు. పెళ్లి మిక్సింగులతో దీనిని పోషించాలి. ఇది లాభసాటి పనని ఎవరికీ చెప్పను.

డిసెంబరులో తీసిన రికార్డింగు విడిభాగాలన్నీ ఒక హార్డ్ డిస్క్‌లో మనవడికి ఇచ్చాను. వాడు వాటితో సొంతంగా ఏదో చేస్తానంటున్నాడు, అడిగితే చెప్పడం లేదు. డప్పు అన్న హీటరు తన దగ్గరే ఉంచుకుంటానన్నాడు, వానాకాలం పెళ్లిళ్లకు పనికొస్తుందట.

పెద్దాయన డోలును ముందుకు తిప్పి చూపించాడు. ఆ రాత్రి సబ్‌వూఫర్ల అదురుకో, ఆరు నెలల వాడకానికో, చెయ్యి పడే వైపు తోలుకు అంచు వెంబడి వెంట్రుకంత చీలిక వచ్చింది. మే నెలలో కొత్త తోలు వేయిస్తాడు. కొత్త తోలు సాగి కుదురుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది, అప్పటిదాకా దాని గొంతు రోజుకొక తీరుగా ఉంటుంది. 80 హెర్ట్జ్ అని నేను రాసుకున్నది, 52కు దించిన కిక్, కోత పెట్టిన చోటు, అన్నీ మళ్లీ కొలవాలి. జూన్ మొదటి ఆదివారం మైకులు పట్టుకుని రమ్మన్నాడు.